ఫ్యాన్ బంద్ చేసి విన్న మేడం

గద్వాల బస్టాండు ఎదురుగా ఉన్న మొబైల్ దుకాణంలో అడుగుపెట్టగానే సోల్డరింగ్ పొగ ముక్కుకు తగిలింది. కొంచెం ఘాటు, కొంచెం తీపి. పక్కింట్లో ఎవరో సాంబ్రాణి వేసి మరిచిపోయినట్టుండే వాసన. చార్జర్ కొనుక్కుని వనపర్తి బస్సు ఎక్కుదామని వచ్చినదాన్ని, కొనే సంగతి మరిచి ఆ వాసన పీలుస్తూ నిలబడిపోయాను. చంకలో ఆ పొద్దున్నే నేతగాళ్ళ ఇంట్లో తీసుకున్న చీర పొట్లం ఉంది. బల్ల ముందు ఒక ముసలమ్మ కూర్చుని, విప్పి పెట్టిన తన ఫోన్ వంక దిగులుగా చూస్తోంది.

"మన్మరాలి ఫోటోలన్ని అండ్లనే ఉండె కొడుకా. అన్ని పాయెనా?" అని అడిగింది.

"యాడికి పోలే పెద్దమ్మా. లోపల మంచిగనే ఉన్నయి. బయటికి తెచ్చే తొవ్వ కరాబైంది, గంతే. జర సేపు కూసో" అన్నాడు దుకాణం అతను, తల ఎత్తకుండానే.

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే నా బతుకుతెరువు ఆ తొవ్వే, ఆ దారే. ఆ తొవ్వ నాకు చూపించిన మనిషి కోసమే ఆ చీర కొన్నాను.

నేను హైదరాబాదులో మెమరీ చిప్‌లు డిజైన్ చేసే ఒక కంపెనీలో పనిచేస్తాను. మా నాయిన ఊళ్ళో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ "మా బిడ్డ ఫోన్లకు యాది పెడ్తది" అని చెబుతుంటాడు. నిజానికి ఆ యాది, ఆ జ్ఞాపకం, నేను పెట్టను. చిప్ మధ్యలో లెక్కపెట్టలేనన్ని గళ్ళు వరుసలు తీరి ఉంటాయి. ఒక్కో గడిలో ఒక ఒకటో, ఒక సున్నానో దాగి ఉంటుంది. ఆ గళ్ళు చేసేవాళ్ళు వేరు. నా పని వాటి చుట్టూ, అంచుల్లో ఉండే పెరిఫెరల్ సర్క్యూట్లది. ఏ వరుసను పిలవాలో తేల్చేవి, మాట మోసే తీగల్ని సిద్ధం చేసేవి, గడి చెప్పింది విని బయటికి చెప్పేవి ఇవే. గడికి గొంతు చాలా చిన్నది. దాని పక్కన రెండు తీగలుంటే, ఒకదాన్ని వెంట్రుకవాసి కిందికి లాగుతుంది, అంతే. ఆ కాస్త తేడాను పట్టుకుని, ఇది ఒకటి, ఇది సున్నా అని గట్టిగా చెప్పేదాన్ని సెన్స్ యాంప్లిఫయర్ అంటారు. నేను చూసిన మొట్టమొదటి సెన్స్ యాంప్లిఫయర్ నూలు చీర కట్టుకుని, నల్ల గొడుగు పట్టుకుని, రోజూ గద్వాల నుంచి బస్సులో వనపర్తికి వచ్చేది. ఆమె మా సులోచన మేడం. మా పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేది.

మాది తెలకపల్లి దగ్గర ఒక చిన్న ఊరు. మా నాయిన బుచ్చయ్య కౌలుకు తీసుకున్న చెలకలో పల్లికాయ వేసేవాడు. ఆయన గొంతు సంగతి చుట్టుపక్కల నాలుగూళ్ళకూ తెలుసు. చెలకలో నిలబడి పిలిస్తే ఇంటి దగ్గర మా అమ్మ చేతిలో గరిటె ఆగేది. అట్లాంటి మనిషికి నేను పుట్టాను, నోట్లో నాలుక ఉందో లేదో తెలియనట్టు. ఇంట్లో మాటలన్నీ ఆయనే వాడుకున్నాడు, నీకేం మిగల్చలేదు అని మా అమ్మ నవ్వేది. కాలేజీలో లేచి జవాబు చెబితే ముందు బెంచీకి కూడా వినబడేది కాదు. "గట్టిగా, గట్టిగా!" అనేవాళ్ళు సార్లు. వాళ్ళు అన్నకొద్దీ ఉన్న గొంతు కూడా కడుపులోకి పోయేది.

సులోచన మేడం మొదటి క్లాసులో నన్ను లేపి ఏదో అడిగింది. చెప్పాను. వెనక మగపిల్లలు కిసుక్కున నవ్వారు. మేడం "గట్టిగా" అనలేదు. చాక్‌పీసు బల్ల మీద పెట్టి, గోడ దగ్గరికి నడిచి, ఫ్యాన్ బంద్ చేసింది. అది వనపర్తి ఎండాకాలం. క్లాసు క్లాసంతా "అమ్మో, మేడం!" అని మూలిగింది.

"రేణుక చెప్పేదాక ఫ్యాన్ రాదు. చెమటలు పోయొద్దంటే సప్పుడు చెయ్యకుండ ఇనుండ్రి" అంది ఆమె.

గదిలో అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. చెప్పాను. మేడం తల ఊపి, "హౌదా!" అంది. కన్నడంలో 'అవునా' అని; వాళ్ళమ్మది రాయచూరు వైపు. సంతోషం వస్తే ఆమె నోట కన్నడమే ముందు వచ్చేది. తరవాత నా జవాబునే, ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క తీయకుండా క్లాసుకంతటికీ వినిపించింది. నా మాటే, కానీ గదంతా నిండింది. ఆ రోజు నేను నా మాటను మొదటిసారి బయట విన్నాను. భలే బాగుంది.

ఆమెకు ఇంకో అలవాటుండేది. ల్యాబు బయట వరండాలో ఒక నీళ్ళ కుండ, దాని మీద రెండు స్టీలు గ్లాసులు. పిల్లలు కొట్లాడుకుని ఫిర్యాదు తెస్తే ఆమె ఎవరి మాటా వెంటనే వినేది కాదు. ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి చెరో గ్లాసు నీళ్ళు ఇచ్చేది. రెండు గ్లాసులూ ఖాళీ అయ్యేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. ఒకసారి మా క్లాసు శీను, మీటరు కాలబెట్టింది నేను కాదని ఏడుస్తూ ముందే పరుగెత్తుకొచ్చాడు. వెనకాలే వచ్చిన పిల్లవాణ్ణి మేడం వెంటనే తిడుతుందనుకున్నాం. ఆమె ఇద్దరికీ నీళ్ళు పోసింది.

"ముందుగాల నా మాట ఇనుర్రి మేడం!" అన్నాడు శీను.

"నీ ఏడుపు ఇంక నా చెవులల్లనే ఉన్నది నాయనా. అది పోనీ. లేకుంటె వాడేం చెప్పినా నాకు నీ మాటనే ఇనబడ్తది" అంది మేడం.

నీళ్ళు తాగేసరికి శీనుకు సగం కోపం దిగింది. మిగతా సగం వాడికే నవ్వొచ్చి పోయింది. మీటరు వాడే కాలబెట్టాడు.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు మేడం మా జట్టు చేత ఒక బుల్లి మెమరీ చేయించింది. ట్రాన్సిస్టర్లు అతికించి, నాలుగు వరుసలు, వరుసకు నాలుగు గళ్ళు. అందరూ గళ్ళు నాకంటే నాకని ఎగబడ్డారు. అంచు పని నా మీద పడింది. మొహం ముడుచుకున్నాను. మేడం చూసింది.

"ఏందే, అంచు ఇచ్చిన్నని అలిగినవా?"

తల ఊపాను.

"పెండ్లిల బంతికి కూసున్నోళ్లు మస్తుమంది ఉంటరు. వడ్డించేటోడు మనోడైతె కడబంతిల కూసున్నా కరువు లేదంటరు గద. నువ్వు వడ్డించేదానివి. నీకు సక్కగ వడ్డించ రాకపోతె గీళ్ల గళ్లన్ని ఉత్త విస్తరాకులే" అంది.

అప్పటి నుంచి గళ్ళవాళ్ళను నేను విస్తరాకులని పిలిచేదాన్ని. చిన్న గొంతుతోనే అనుకోండి, కానీ పిలిచేదాన్ని.

అసలు చిప్‌లో తీగల్లో చార్జ్ కొంతసేపు నిలిచే గుణం ఉంటుందనీ, మా బోర్డులోనూ అది కనబడాలనీ మేడం తీగలకు చిన్న చిన్న కెపాసిటర్లు పెట్టించింది. అంతా అతికించాం. గళ్ళలో రాయడం బాగానే జరిగింది. చదవడమే తిక్కతిక్కగా ఉంది. మొదటి గడి సరిగ్గా చెప్పేది. రెండో గడిని అడిగితే మళ్ళీ మొదటి గడి జవాబే వచ్చేది. విస్తరాకులందరూ కలిసి తప్పు నీదే అన్నారు. నిజం చెప్పాలంటే ఆ తప్పు అందరం కూర్చుని మెచ్చుకుంటూ చేసిన తప్పు. పుస్తకంలో, చదవబోయే ప్రతిసారీ ముందు రెండు తీగల్నీ ఒకే మట్టానికి తేవాలని ఉంది. దాన్నే ప్రీచార్జ్ అంటారు. మేం అది ఎగ్గొట్టాం. ఎందుకంటే మేమంతా బోరు నీళ్ళ పిల్లలం. ఒక మడి తడిపాక పక్క మడికి మళ్ళించేటప్పుడు, అప్పటికే తడిసిన కాలువలో నీళ్ళు జోరుగా పోతాయి. కాలువను ఆరబెట్టి మళ్ళీ తడిపే పిచ్చివాడు మా పాలమూరులో పుట్టడు. తీగలో ఉన్న కరెంటును పారబోసి మళ్ళీ ఎందుకు నింపాలి, ఉన్నదే వాడుకుందాం అనుకున్నాం. ఈ తెలివి చెప్పినప్పుడు మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కన్నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తప్పెక్కడో మాత్రం చెప్పలేదు.

"ఆవరణల నడుండ్రి. రెండు తాళ్లు పట్టుకరండ్రి. రేణుకా, మీ నాయిన పంపిన పల్లికాయ ఇంక ఉన్నదా?"

ఉంది. నలుగుర్ని ఒకరి వెనక ఒకరిని వరుసగా కూర్చోబెట్టింది. వాళ్ళే గళ్ళు. కొందరి గుప్పిట్లో ఒక పల్లికాయ పెట్టింది, కొందరి గుప్పిట ఖాళీ. పల్లికాయ ఉంటే ఒకటి, లేకుంటే సున్నా. వాళ్ళ రెండు పక్కల నుంచి రెండు తాళ్ళు వచ్చి నా రెండు చేతుల్లో చేరాయి. కళ్ళు మూసుకోమంది. ఆమె ఎవరి పేరు పిలిస్తే వాళ్ళు, గుప్పిట్లో పల్లికాయ ఉంటే ఎడమ తాడునూ, లేకుంటే కుడి తాడునూ మెల్లిగా లాగాలి. ఏ తాడు ముందుకు పోయిందో చూసి నేను జవాబు చెప్పాలి.

మొదటివాడు ఎడమ తాడు లాగాడు. "ఒకటి" అన్నాను. సరే. రెండోవాడు కుడి తాడు కొద్దిగా లాగాడట. నా చేతిలో మాత్రం ఎడమ తాడే ఇంకా ముందుకు ఉంది. "ఒకటి" అన్నాను. అందరూ గొల్లుమన్నారు. కళ్ళు తెరిచి చూశాను. ఎడమ తాడు మొదటివాడు లాగిన చోటే ఉండిపోయింది. రెండోవాడు లాగిన ఆ కాస్త దాని ముందు ఏ మూలకూ రాలేదు.

"రెండు తాళ్లు ఎనుకకు గుంజి సమానం చెయ్యి. ఆ, ఇప్పుడు అడుగు" అంది మేడం.

సమానం చేశాను. ఈసారి కుడి చేతిలో చీమ పాకినంత కదలిక. "సున్నా!" అని అరిచాను. నిజంగానే అరిచాను. కాలేజీ గోడ మీది పావురాలు లేచిపోయాయి. ఆ తరవాత ప్రతిసారీ సమానం చేయడం, అడగడం. ఒక్కటీ తప్పలేదు, శీను దగ్గర తప్ప. వాడి గుప్పిట్లో ఒకటి పెట్టినట్టు మేడం ఘంటాపథంగా చెప్పింది. వాడు సున్నా లాగాడు. గుప్పిట విప్పితే ఖాళీ. నోరు విప్పితే దొరికింది.

"మేడం, వీడు యాది తిన్నడు!" అని మిగతావాళ్ళు అరిచారు.

"ఆకలైంది మేడం" అన్నాడు శీను, నములుతూనే.

ఆ సాయంత్రమే బోర్డుకు ప్రీచార్జ్ భాగం అతికించాను. ఎర్ర దీపాలు అడిగింది అడిగినట్టు వెలిగాయి. మేడం మా అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించింది. బతుకంతా ఇదే పని చేయాలి అని ఆ బజ్జీ తింటున్నప్పుడే అనుకున్నాను. ఇంజనీరింగు చదవాలి. అంచుల్లో ఉండి వినే పని నేర్చుకోవాలి. ఎవరికీ చెప్పలేదు. చెప్పే అలవాటు నాకు ఎక్కడిది?

పరీక్షలైపోయాక ఒకరోజు నాయిన కాలేజీకి వచ్చాడు, నా టీసీ తీసుకుపోవడానికి. హైదరాబాదు పక్కన టీవీలు బిగించే ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం చూశాడు. చేరితే టీసీ వాళ్ళకు ఇచ్చేసి, కొన్నేళ్ళు మానకూడదని సంతకం పెట్టాలి. ఊరంతా చెప్పుకున్నాడు కూడా. ఆయన మొహంలో ఆ సంబరం చూస్తే వద్దనడానికి నాకు నోరు రాలేదు. టీసీ ఆయన చేతికి వచ్చిందంటే నా ఇంజనీరింగు అక్కడితో సరి. ఆఫీసు గది ముందు ఆయన గొంతు వరండా అంతా మోగుతోంది. నేను పక్కన కొయ్యబొమ్మలా నిలబడ్డాను.

మేడం బయటికి వచ్చింది. నా మొహం చూసింది. కుండ దగ్గరికి వెళ్ళి రెండు గ్లాసులు నింపింది.

"కూసో బుచ్చయ్యన్నా. నువ్వు గూడ కూసో రేణుకా. ఇద్దరు నీళ్లు తాగుండ్రి" అని ల్యాబులోకి తీసుకుపోయి, ఫ్యాన్ బంద్ చేసింది.

"గీ ఎండకు ఫ్యాన్ ఎందుకు బంద్ జేస్తున్నరు మేడం?" అన్నాడు నాయిన, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

"నీ బిడ్డ మాట ఇనాలె గద అన్నా. అది తాళం చెవి కిందపడ్డంత సప్పుడు గూడ చెయ్యదు."

నాయినకు ఏమీ అర్థం కాలేదు గానీ, మేడం మాటంటే గౌరవం. గ్లాసు ఖాళీ చేసి కూర్చున్నాడు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను అప్పుడే చూశాను. మేడం నా వైపు తిరిగింది.

"పెద్దగ చెప్పే పని లేదు. ఫ్యాక్టరీనా, చదువా? ఏ దిక్కుకో జర వంగు, సాలు. మిగిలింది నేను చూసుకుంట."

"చదువు" అన్నాను. అది కూడా సగమే బయటికి వచ్చింది.

"చదువుతనంటుంది అన్నా" అంది మేడం, గది మారుమోగేట్టు.

నాయిన చాలాసేపు నన్నే చూశాడు. కోపం కాదు. నేను అప్పుడే పుట్టినట్టు చూశాడు.

"గీ మాట ఇంట్ల ఎందుకు చెప్పలేదు బిడ్డా?"

"నువ్వు మాట్లాడుతుంటివి నాయినా" అన్నాను.

మేడం పక్కకు తిరిగి నవ్వు ఆపుకుంది. నాయిన ఆపుకోలేదు. ఆయన నవ్వుకు కిటికీ అద్దాలు గలగలలాడాయి. "సరె తియ్యి మేడం. పుట్టి బుద్ధెరిగినకాడికెళ్లి ఇది నాకు ఎదురు చెప్పింది ఇయ్యాలనే. చెప్పిందంటె లోపల గట్టిగనే ఉన్నట్టు. మరి ఊళ్లెకేమని చెప్పాలె?"

"ఇంక పెద్ద పనికి పోతుందని చెప్పు."

ఆయన చెప్పాడు. చెలకలో నిలబడి చెప్పాడు, నాలుగూళ్ళకు.

ఇప్పుడు నా ఆఫీసు బల్ల మీద ఎప్పుడూ రెండు గ్లాసులుంటాయి. గళ్ళ జట్టుకూ మాకూ తగువులు రావడం ఏ కంపెనీలోనైనా మామూలే. తప్పు నీది అంటే నీది అని ఇద్దరు వస్తే, నేను నీళ్ళు పోస్తాను. కొత్తగా చేరినవాళ్ళు వింతగా చూస్తారు. పాతవాళ్ళు మాట్లాడకుండా తాగేస్తారు. నేను పెట్టే ప్రతి ప్రీచార్జ్ సర్క్యూటు దగ్గరా నాకు ఆ రెండు తాళ్ళు గుర్తొస్తాయి, వాటి వెంట ఒకటిని నమిలేసిన శీను కూడా.

ఆ గద్వాల చీరతో నేను వెళ్ళింది మేడం రిటైర్మెంటు సన్మానానికే. మేడం పొట్లం విప్పి, ముందు అంచును వేళ్ళతో తడిమి, నా వైపు చూసి కన్ను గీటింది. పాత విద్యార్థులతో కాలేజీ ఆవరణ షామియానా నిండిపోయింది. నాయిన తెలకపల్లి నుంచి సంచెడు ఉడకబెట్టిన పల్లికాయతో వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. పక్కన పెద్ద కూలరు హోరుమని తిరుగుతోంది. నన్ను వేదిక మీదికి పిలిచారు. మైకు కుయ్యిమని కూసింది, మైకు అతను వచ్చి మైకునే ఆపేశాడు. మైకు లేకుండానే మొదలుపెట్టాను. కూలరు హోరు, జనం ముచ్చట్లు. నా మాట నా చెప్పుల దాకా కూడా పోలేదు. మేడం కోసం చూశాను. ఆమె తన కుర్చీలోంచి లేవలేదు. నవ్వుతూ ముందు వరుస వైపు చూస్తోంది.

నాయిన లేచాడు. మెల్లగా నడిచి కూలరు దగ్గరికి పోయి, స్విచ్చి వెతికి, బంద్ చేశాడు. ఒక్కసారి ఉక్క కమ్మింది. "ఏమైంది పెద్దయ్యా, ఎందుకు బంద్ చేసినవ్?" అని ఎవరో అరిచారు.

"నా బిడ్డ మాట్లాడుతుంది. జర ఇనుండ్రి" అన్నాడు నాయిన. అని, ఆయన గొంతును ఆయనే మింగేసి, వెళ్ళి కూర్చున్నాడు.

"హౌదా!" అంది మేడం.

షామియానా అంతా నిశ్శబ్దం. అప్పుడు మాట్లాడాను. నా గొంతు ఇప్పటికీ చిన్నదే. ఆ రోజు మాత్రం చివరి వరుసలో కూర్చున్న శీను దాకా అందింది. వాడు పల్లికాయ నమలడం కూడా ఆపేశాడు.